నీరటి లెక్క

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర రెండు రాతి పలకల మీద చెక్కిన శాసనం ఒకటి ఉంది. 1369 నాటిది. విజయనగరాన్ని ఏలిన బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, దాని సంగతంతా రాయించి పెట్టాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. అంతటితో ఊరుకోలేదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా లెక్కపెట్టాడు. కట్టలోంచి నీళ్లు ఊరి కారడం ఒక దోషం, చవుడు నేల ఒకటి, చెరువు నడుమ మిట్ట ఉండటం ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమే. కృష్ణా నీళ్ల తగవు చూస్తున్న మనకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మిగిలిన రెండూ నాకు మరీ ఇష్టం. నీళ్లు కొద్దిగా ఉండి పారాల్సిన నేల ఎక్కువ కావడం దోషం. నేల కొద్దిగా ఉండి నీళ్లు ఎక్కువ కావడమూ దోషమే.

ఇంధన పొదుపు మీద నగరాల్లో జరిగే సదస్సులు చాలావాటికి నేను వెళ్లాను. భోజనాల వేళ దాకా తెరల మీద బొమ్మలు వేసి చెప్పే సారమంతా ఆ రెండు దోషాల్లో ఇమిడిపోతుంది. ఉన్నదెంత, వాడేదెంత, ఆ రెంటికీ లంకె కుదిర్చేది ఎవరు? మన ఊళ్లలో ఆ మూడో ప్రశ్నకు ఒకప్పుడు జవాబుండేది. తెలంగాణలో ఆ జవాబు పేరు నీరటి.

కాకతీయుల కాలం నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువుల్లో నీళ్లు పల్లానికి వాటంతట అవే పారతాయి. మీది చెరువు నిండి మత్తడి దుమికితే కింది చెరువుకు చేరతాయి. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్దవైనా, ఊరూరా ఉన్న కుంటలైనా ఎకరం పారించడానికి ఒక్క యూనిట్ కరెంటు అడగలేదు. అవి అడిగింది మనుషుల్ని. కట్ట మీద మొలిచిన తుమ్మను పెరగకముందే కొట్టాలి. ఎలుకలు తోడిన బొరియ కనబడితే ఆ పూటే పూడ్చాలి. తూము ఎప్పుడు ఎంత ఎత్తాలో, రాత్రి ఏ కాలువకు మళ్లించాలో చూడాలి. నీరటి పని అదే. చేతిలో పార, భుజాన గొంగడి. చెరువులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసి, యాసంగికి ఎన్నెకరాలు పారుతుందో పెద్దలు కూర్చుని తేల్చేవారు. దాన్ని తైబందీ అంటారు. పది ఎకరాలున్న ఆసామికి ఆ యేడు నాలుగెకరాలకే నీళ్లని తేలితే నాలుగే. మిగతాది బీడు. పంట కోసి కల్లంలో కుప్ప నూర్చాక నీరటికి మేర కొలిచేవారు. పంట బాగుంటే ఆయన మేరా బాగుండేది, ఎండితే ఆయనా ఎండేవాడు.

ఇదంతా రామరాజ్యమని నేననను. ఎక్కువ ఊళ్లలో నీరటి దళితుడు. ఊరి నీళ్లన్నీ ఆయన చేతి మీదుగా పోయినా, ఊరి బావిలో చేద వేసే హక్కు ఆయనకు లేదు. నిజాం రాజ్యంలో వెట్టి ఎట్లా ఉండేదో తెలిసినవాళ్లు చెరువు పనిని వట్టి శ్రమదానమని పొగడలేరు. అటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరంతా కలిసి పూడిక తీసి కట్ట వేసుకునే ఆనవాయితీని ‘కుడిమరామత్తు’ అనేవారు. 1858లో తెల్లదొరలు దాన్ని నిర్బంధ శ్రమ చట్టంగా మార్చారు. ఊరు తన పనిగా చేసుకున్నది సర్కారు పనిగా మారేసరికి పారలు బరువెక్కాయి. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. దొరతనం మీద అది మంచి దెబ్బే. దానితోపాటే మేర కొలిచే అలవాటూ ఒక్కో ఊళ్లో సడలిపోయింది. నీరటికి జరిగిన అన్యాయాన్ని తీసేసి ఆయన పనిని నిలబెట్టే దారి అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఈలోగా నీళ్లు చెరువులోంచి బావిలోకి దిగాయి. మోట రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. రెండెడ్లు బాట వెంట కిందికి నడిస్తే మోకు గిలక మీద కిర్రుమంటూ తోలు బాన పైకి వచ్చేది. నీళ్లు కాలువలో గుమ్మరించాక ఎడ్లు వెనకడుగు వేస్తూ మళ్లీ పైకి. పొద్దు పొడవకముందే మొదలుపెడితే ఎండెక్కే వేళకు ఎడ్లు నురుగు కక్కేవి. ఎడ్లు అలిసిపోతే బావికి విశ్రాంతి. మళ్లీ సాయంత్రానికి ఊట ఊరి నీళ్లు మట్టానికి వచ్చేవి. మోటకు అలుపు ఉండటమే బావికి కాపలా అని అప్పట్లో ఎవరూ అనుకొని ఉండరు. ఆ తరువాత వచ్చిన మోటారుకు అలుపు లేదు.

కరెంటు ఊళ్లకు వచ్చిన కథలో సిరిసిల్లది ఒక ప్రత్యేకమైన పేజీ. 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది. ఊళ్లకు కరెంటు ఇచ్చే పనిని సహకార సంఘాలకు అప్పగించి చూద్దామని దేశంలో అయిదు చోట్ల ప్రయోగం చేశారు. సిరిసిల్ల, కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ముళా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో. సిరిసిల్ల సంఘం 1970లో పని మొదలుపెట్టింది. అందరూ దాన్ని ‘సెస్’ అనే పిలుస్తారు. మీటరున్న ప్రతివాడూ అందులో వాటాదారు. డైరెక్టర్లను ఓటేసి ఎన్నుకుంటారు. ఆ ఎన్నికలు ఎమ్మెల్యే ఎన్నికలంత జోరుగా సాగుతాయి. జెండాలు, జీపులు, విందులు అన్నీ ఉంటాయి. మరమగ్గాల ఊరు కనుక కరెంటు పోతే అన్నం పోయినట్టే. లైను తెగితే ఎవరింటి ముందు నిలబడి అరవాలో జనానికి తెలుసు. అక్కడా రాజకీయాలున్నాయి, బకాయిలున్నాయి. అయినా కరెంటు సంస్థ హైదరాబాద్‌లో ఉండే ఒక కార్యాలయంగా కాక, పక్క వాడలో గెలిచిన మనిషిగా కనబడటం చిన్న విషయం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం వంటి చోట్లా ఇట్లాంటి సంఘాలు వచ్చాయి. మిగతా రాష్ట్రమంతా విద్యుత్ బోర్డు చేతిలోకి పోయింది.

1980ల మొదట్లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు తీసేసి హార్స్‌పవర్ లెక్కన ఏడాదికింత అని కట్టించుకోవడం మొదలైంది. మీటరు చదివే మనిషి, ఆయన లంచం, ఆయన తప్పుడు రాత, అన్నీ ఒక్క దెబ్బతో పోయాయని రైతులు సంతోషించారు. పోయింది మరొకటి కూడా ఉంది. ఫలానా బావి ఎంత తాగుతున్నదో ఆ బావి గలాయనకే తెలియకుండా పోయింది. అక్కణ్ణుంచి రెండు దశాబ్దాలు కరెంటు మాట ఎత్తితే బిల్లు మాటే. 1999లో బోర్డు రెండు ముక్కలైంది. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు కదిలిన జనం మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, ఉచిత కరెంటు ఫైలు మీద తొలి సంతకం పెట్టారు. అప్పులపాలై పురుగుల మందు తాగుతున్న రైతుల ఇళ్లు చూసినవాడెవడూ ఆ సంతకాన్ని తేలిగ్గా తీసిపారేయలేడు. నేనూ తీసిపారేయను.

ఆ ఉచితానికి తరువాత కొన్ని షరతులు వచ్చాయని చాలామందికి గుర్తులేదు. ఐఎస్ఐ గుర్తున్న పంపుసెట్, రాపిడి తక్కువున్న ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్ పైపులు, మోటారు పక్కన కెపాసిటర్. ఈ చివరిదాని దగ్గర కొంచెం ఆగుతాను. కలిసికట్టుతనం గురించి మన పాఠ్యపుస్తకాలన్నీ చెప్పలేనిది ఆ సబ్బుడబ్బా అంత వస్తువు చెబుతుంది.

మోటారు తిరగడానికి తీగలోంచి రెండు రకాల కరెంటు లాగుతుంది. ఒకటి పనిచేసే కరెంటు. రెండోది మోటారులో అయస్కాంత బలం పుట్టించడానికి అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. నీళ్లను అంగుళం కూడా ఎత్తదు గానీ తీగలో చోటు ఆక్రమిస్తుంది. కెపాసిటర్ పెడితే ఆ రెండోది మోటారు దగ్గరే దొరుకుతుంది. తీగ, ట్రాన్స్‌ఫార్మర్ తేలికపడతాయి, వోల్టేజీ మెరుగవుతుంది. ఇక్కడే చిక్కు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటార్లుంటే, ఒక్కడు పెట్టుకుంటే ఆ ఒక్కడికి కనబడే లాభం దాదాపు సున్నా. ఇరవైమందీ పెడితే ఇరవైమందికీ లాభం. పందొమ్మిదిమంది పెట్టాక ఇరవయ్యోవాడు పెట్టకపోయినా వాడికీ లాభమే. రాజుగారి కోనేట్లో తలా ఒక చెంబు పాలు పొయ్యమంటే తెల్లారేసరికి కోనేరంతా నీళ్లే ఉన్న కథ మనకు తెలిసిందే. చాలా పొలాల్లో కెపాసిటర్లు అట్లాగే లేకుండా పోయాయి.

ఫలితం ఏ రైతును అడిగినా చెబుతాడు. కరెంటు రాగానే ఇరవై స్టార్టర్లు ఒక్కసారి పడతాయి. వోల్టేజీ కుంగుతుంది, మోటారు మూలుగుతుంది, వైండింగు కాలిన వాసన వస్తుంది. ఫ్యూజు పోతే ఎవరో ఒకరు లావుపాటి తీగ చుట్టి పెడతారు. అప్పుడు కాలేది ట్రాన్స్‌ఫార్మరే. మా చిన్నాయన పొలం దగ్గర ఒక యాసంగిలో అది మూడుసార్లు కాలింది. మోటారుకింతని చందా వేసుకుని, దాన్ని విప్పి, మోకులు కట్టి ట్రాలీలోకి ఎక్కించి రిపేరు షెడ్డుకు తీసుకుపోయేవాళ్లు. అక్కడ వరసలో ఇంకో పదిహేను ఉండేవి. నాలుగు రోజులకు తిరిగొచ్చేది. ఆ నాలుగు రోజుల్లో పొట్టకొచ్చిన వరి పాలిపోయేది. మూడోసారి కాలాక రైతులు చెట్టు కింద కూర్చుని వంతులు వేసుకున్నారు. మొదటి గంట ఎగువ పదిమంది, తరువాత దిగువ పదిమంది. రాతకోతల్లేవు. స్టార్టర్ డబ్బా మూత మీద ఒకాయన సుద్దముక్కతో ‘ఎ’ అని, ‘ది’ అని రాశాడు. ఆ యేడు ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలలేదు. అది పొదుపు ఉద్యమమని వాళ్లెవరూ అనుకోలేదు. ట్రాక్టరు కిరాయి తప్పిందని సంతోషించారు, అంతే.

ఆ సుద్దముక్క రాతనే పెద్దయెత్తున చేసిన ప్రయత్నం ఒకటి ఉంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, 638 ఊళ్లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భ జలాల లెక్క రాసుకున్నారు. వాన కొలిచే డబ్బా ఊళ్లోనే. ఎంచుకున్న బావుల్లోకి తాడు వదిలి నీటి మట్టం చూసేవారు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, బోరు ఎంత పోస్తున్నదో కొలిచేవారు. యాసంగి ముందు సభ పెట్టి, భూమిలో ఉన్న నీళ్లెన్ని, అందరూ వేద్దామనుకుంటున్న పంటలకు కావలసిన నీళ్లెన్ని అని బహిరంగంగా కూడి తీసివేసేవారు. దాన్ని పంట నీటి బడ్జెట్ అన్నారు. వరి వెయ్యొద్దని ఎవరినీ ఎవరూ శాసించలేదు. లెక్క తెలిశాక ఒకాయన వరి తగ్గించి శనగ వేసుకున్నాడు, ఇంకొకాయన కూరగాయలకు మళ్లాడు, మరొకాయన మొండిగా వరే వేశాడు. ప్రపంచ బ్యాంకు దీన్ని తన నివేదికలో మెచ్చుకుంది. నేను దీన్ని తైబందీకి మనవడంటాను. ఒకప్పుడు పెద్దలు కూర్చుని తేల్చిన లెక్కను ఈసారి ఊరంతా, ఆడవాళ్లతో సహా, పలక మీద వేసింది. ప్రాజెక్టు గడువు తీరాక చాలాచోట్ల తాళ్లు బావుల్లోకి దిగడం ఆగిపోయింది. కొలిచేవారికి ఎవరూ మేర కొలవలేదు మరి.

అనంతపురం జిల్లాలోనే కొన్ని ఊళ్లవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. బోర్లున్నవాళ్లు తమ బోర్లను పైపులతో కలిపి, లేనివాళ్ల వేరుశనగకూ బెట్ట కాలంలో ఒకటి రెండు తడులు ఇచ్చేటట్టు ఒప్పుకున్నారు. బదులుగా లేనివాళ్లు కొత్త బోరు వెయ్యబోమని మాటిచ్చారు. వినడానికి తేలిక. వెయ్యి అడుగులు తవ్వించి మూడుసార్లు ఎండు బోరు చూసి అప్పులైన మనిషి, నా నీళ్లు పక్కవాడికి ఎందుకివ్వాలని అడిగితే ఏం చెబుతాం? పక్కవాడు తవ్వితే నీ బోరే ఎండుతుందన్న జవాబు ఒక్కటే అక్కడ పనిచేసింది. జాలి కన్నా ఆ భయమే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

పొలం కథ ఇట్లా ఉంటే పొయ్యి కథ వేరు. 1980లలో పొగలేని పొయ్యిల పథకం వచ్చింది. మేస్త్రీ వచ్చి గొట్టం పెట్టి పొయ్యి కట్టిపోయేవాడు. ఇంటావిడను అడిగేవాడు కాదు. జొన్నరొట్టె కాల్చే పెనం దాని మీద నిలవదు, కుండ మూతి పట్టదు, గొట్టంలో మసి పేరుకుంటే తీసే దారి తెలియదు. ఏడాది తిరగకముందే గొట్టం పీకి దాన్ని కోళ్లగూటి పక్కన పడేసిన ఇళ్లు నేను చూశాను. 1999లో దీపం పథకంతో డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు వచ్చాయి. బండ నిండుగా ఉన్నన్నాళ్లు సుఖం, అయిపోతే మళ్లీ కట్టెలే.

గోబర్ గ్యాస్ విషయంలో మాత్రం సరిహద్దు అవతల తెలుగువాళ్లు మనకంటే గట్టివాళ్లు. కర్ణాటకలోని బాగేపల్లిలో ఇంటిమాట తెలుగే ఎక్కువ. అక్కడి కూలి సంఘం సభ్యుల ఇళ్లకు రెండు ఘనమీటర్ల గ్యాస్ ప్లాంట్లు 5,500 కట్టాలని పూనుకుని, 2005లో క్యోటో ఒప్పందం కింద ప్రాజెక్టును నమోదు చేయించారు. కట్టె కాల్చకుండా మిగిల్చిన బొగ్గుపులుసు వాయువును టన్నుల్లో లెక్కగట్టి విదేశాలకు అమ్మాలి. అందుకు ఏ ఇంట్లో పొయ్యి వెలిగిందో, ఏ ఇంట్లో వెలగలేదో రాసి పెట్టాలి. రాత లేకపోతే రాబడి లేదు. పొద్దున్నే పేడ, నీళ్లు సమానంగా కలిపి తొట్లో పోసే కూలి ఇల్లాలి చేతికీ యూరప్ మార్కెట్‌కూ మధ్య ఇట్లా ఒక దారం పడింది. 2012 తరువాత ఆ మార్కెట్ ధరలు కుప్పకూలాయి. పేడకు ఆ సంగతి తెలియదు కనుక అది మండుతూనే ఉంది.

అంతకు ముందే, 2003 అక్టోబరులో, ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ ఆదివాసీ మహిళలు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే గాలిలో కలవకుండా పోయే పొగ లెక్క అది. 645 డాలర్లు వచ్చాయి. పెద్ద మొత్తమేమీ కాదు. దానితో మళ్లీ కానుగ నారు పెంచుకున్నారు. తరతరాలుగా దీపానికీ, గజ్జికీ వాడిన నూనెకు ఈ లెక్క పుట్టడం చూసి అడవి ఏమనుకుందో!

ఇంధనం ఖర్చు కాని సేద్యం మాట వస్తే జహీరాబాద్ పేరు చెప్పక తప్పదు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది కలిపి విత్తే పాత పద్ధతిని నిలబెట్టాయి. వానకు పండే ఆ పంటలకు మోటారూ వద్దు, బస్తా యూరియా వద్దు. పాత విత్తనాలను బండ్ల మీద పెట్టి జాతర చేశారు, 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. కరెంటు ఆదా అన్న మాట వాళ్ల నోట నేను వినలేదు. కానీ ఒక ఎకరం వరికి బోరు తోడే కరెంటునూ, అదే ఎకరంలో పచ్చజొన్న అడిగే కరెంటునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కెపాసిటరూ దీని ముందు నిలవదు.

చేను దాటి ఉమ్మడి గుట్టల మాటకు వస్తే, 1990లో అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బోడి నేలతో తింబక్టు కలెక్టివ్ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల జనం కల్పవల్లి గుట్టల మీద వేల ఎకరాల ఉమ్మడి భూమిని నిప్పు నుంచి, మేత నుంచి కాపాడారు. బోద గడ్డి లేచింది, ఈత చెట్లు గుంపులు కట్టాయి, వాగుల్లో నీళ్లు నిలిచాయి. తరువాత ఆ గుట్టల మీదికే గాలిమరలు వచ్చాయి. ఒక్కో రెక్క మోసే లారీ మలుపు తిరగడానికి గుట్టను ఎంత తొలవాలో అంత తొలిచారు. మట్టి జారి వాగుల్లో పడింది. విషయం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. పర్యావరణానికి మంచిదని పేరున్న కరెంటు, పర్యావరణాన్ని ఏళ్ల తరబడి కాపాడినవాళ్ల నెత్తినే పడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గాలిమర వద్దని ఆ ఊళ్లు అనలేదు. ఎక్కడ నాటాలో తమను ఎందుకు అడగలేదన్నారు.

పట్నాల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వీధిదీపాలను ఊడ్చేశాక నగరమంతా ఎల్ఈడీలు పెట్టారు. ఆ రోజుల్లోనే పాత బల్బు ఇచ్చి ఎల్ఈడీ తెచ్చుకునే వరసలు గుంటూరులో సాగాయి. 60 వాట్ల పని 7 వాట్లలో అయింది. దేశానికి కలిగిన లాభం పెద్దది. కానీ ఇక్కడ జనం చేసిందల్లా వరసలో నిలబడటమే కనుక, ఈ కథలో దానికి ఇంతకన్నా చోటు లేదు.

మళ్లీ చెరువు దగ్గరికి వస్తే, 2015 మార్చిలో తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువుల లెక్క తీశారు. పూడిక మట్టిని రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని చేలకు తోలుకున్నారు. నల్లటి ఆ మట్టి కోసం జరిగిన కొట్లాటలు చూస్తే చెరువు మళ్లీ ఊరిదైందనిపించింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. దానికి ముందు నుంచే, రాత్రంతా మోటార్లు వాటంతట అవే తిరిగి బోర్లు ఎండకుండా ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు బతిమాలింది. ఒక చేత్తో నీళ్లు నింపుతూ ఇంకో చేత్తో తోడుతున్నామని ఆ బతిమాలడంలోనే ఒప్పుకోలు ఉంది.

పూడిక తీశాక ఒకసారి మా ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లాను. తూముకు కొత్త ఇనుప మర బిగించారు, తిప్పే హ్యాండిల్ మాత్రం లేదు. ఎవరి దగ్గరుందని అడిగాను. సర్పంచు ఇంట్లో అని ఒకరన్నారు, నీటిపారుదల వాళ్ల దగ్గరని ఒకరు. చివరికి ఒక ముసలాయన, “నీరటోళ్ల మనుమనికి తెలుస్తది బిడ్డా, అడుగు” అని ఫోన్ నంబరిచ్చాడు. ఆ కుర్రాడు హైదరాబాద్‌లో, నిజాంపేట వైపు ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్. హ్యాండిల్ సంగతి అతనికీ తెలియదు. మాట్లాడుతుండగానే, “ఉండుండి సార్, టాంకీ నిండింది, మోటరు బందు జేసొస్త” అన్నాడు. నిండినట్టు ఎట్లా తెలిసిందని అడిగితే, పైపులో నీళ్ల సప్పుడు మారిందట.